లాటిన్ వలపు, ఇంగ్లీషు గొంతు



1599 జూన్ 4న లండన్‌లోని స్టేషనర్స్ హాలులో కొన్ని పుస్తకాలు తగలబెట్టారు. స్టేషనర్స్ అంటే అక్కడి అచ్చుపనివాళ్ళ, పుస్తక వ్యాపారుల సంఘం. వాళ్ళ సరుకును వాళ్ళ చావడిలోనే కాల్చారన్నమాట. ఉత్తర్వు ఇచ్చినవాళ్ళు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జాన్ విట్‌గిఫ్ట్, లండన్ బిషప్ రిచర్డ్ బాన్‌క్రాఫ్ట్. ఆ మంటల్లో పడ్డ వాటిలో ఒక చిన్న పుస్తకం ఉంది. అందులో కొంత భాగం జాన్ డేవిస్ అనే ఆయన రాసిన ఎత్తిపొడుపు చాటువులు. మిగతాది క్రిస్టఫర్ మార్లో ఇంగ్లీషు చేసిన లాటిన్ కవి ఓవిడ్ ప్రేమ పద్యాలు. బిషప్పులకు కోపం తెప్పించింది డేవిస్ నాలుకా, ఓవిడ్ శృంగారమా అన్నది పండితులు ఇవాళ్టికీ వాదించుకుంటూనే ఉన్నారు. మార్లోకి మాత్రం ఆ సెగ తగల్లేదు. అప్పటికి ఆరేళ్ళ కిందటే, 1593 మే 30న, డెట్‌ఫర్డ్‌లో కత్తిపోటుకు చనిపోయాడు. వయసు 29.

అప్పటికే పదహారు వందల ఏళ్ళ నాటి పద్యాలవి. రాసినవాడి భాష ఇళ్ళలో మాట్లాడేవాళ్ళు లేరు. అయినా వాటిని ఇంగ్లీషులో చూసి ఇద్దరు మతాధికారులు ఉలిక్కిపడ్డారంటే, ఆ పద్యాల్లో చావని సంగతేదో ఉండాలి. దాన్ని ఇంగ్లీషు కవులు ఎలా పట్టుకున్నారు, ఎవరికి చిక్కింది, ఎవరికి జారిపోయింది అన్నదే ఇవాళ్టి నా ప్రసంగ విషయం.

రోములో ఈ రకం ప్రేమకవిత్వం వెలిగిన కాలం చాలా కొద్ది. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో మొదలై, ఒక నిండు మనిషి ఆయుష్షంత కాలంలో ముగిసిపోయింది. ముందు వెరోనా ఊరివాడు కటుల్లస్. ముప్పై ఏళ్ళు నిండీ నిండకుండా పోయాడు. తర్వాత టిబుల్లస్, ప్రొపర్షియస్, చివర ఓవిడ్. ఒక్కొక్కడూ తాను వలచిన స్త్రీకి ఒక మారుపేరు పెట్టుకున్నాడు. కటుల్లస్‌కి లెస్బియా, టిబుల్లస్‌కి డెలియా, ప్రొపర్షియస్‌కి సింథియా, ఓవిడ్‌కి కొరిన్నా. లెస్బియా అసలు పేరు క్లోడియా అని తర్వాతి కాలపు రచయిత అపులియస్ రాసిపెట్టాడు. ఆమె మెటెల్లస్ అనే పెద్దమనిషి భార్య అనీ, క్రీ.పూ. 56లో సిసెరో నిండు న్యాయస్థానంలో ఏకిపారేసిన క్లోడియా ఆమేననీ ఎక్కువమంది నమ్ముతారు. ఇక ఓవిడ్ గారి కొరిన్నా అసలు ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఉందంటే ఉంది, లేదంటే లేదు అన్నట్టు రాయడం ఓవిడ్‌కి సరదా.

వీళ్ళు ఎక్కువగా వాడిన ఛందస్సు రెండేసి పాదాల జంట. మొదటి పాదంలో ఆరు గణాలు, రెండో పాదంలో ఐదు. ఆరు గణాల పాదాలే వరసగా రాసుకుపోతే అది వీరగాథల ఛందస్సు. వర్జిల్ తన మహాకావ్యం రాసింది అందులోనే. ఓవిడ్ తన 'అమోరెస్' పుస్తకం మొదట్లోనే ఒక చమత్కారం చేశాడు. నేను యుద్ధాల గురించి గంభీరంగా రాద్దామని కూర్చున్నాను, క్యూపిడ్ అనే ఆ ఆకతాయి దేవుడు వచ్చి రెండో పాదంలో ఒక గణం దొంగిలించుకుపోయాడు, ఇక ప్రేమ పద్యాలు తప్ప ఏం రాయను అంటాడు. ముందు ఛందస్సు కుదిరింది, తర్వాత బాణం తగిలింది, ఆ తర్వాత ఎప్పటికో అమ్మాయి కనిపించింది. వరస అదీ.

ఇంతకీ ఆ పద్యాల్లో జరిగేదేమిటి? ప్రియుడు అర్ధరాత్రి ఆమె గుమ్మం ముందు వానలో నిలబడి, గొలుసుతో కట్టేసి ఉన్న కాపలాదాసుణ్ణి బతిమాలుతుంటాడు. తలుపు తెరుచుకోదు. ఆమె జుట్టుకు రంగులు వేసీ వేసీ పాడుచేసుకుంటే, ముందే చెప్పానా అని దెప్పుతాడు. రథాల పందేల దగ్గర ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుని, లేని దుమ్ము దులిపే మిషతో చెయ్యి వేస్తాడు. విందులో ఆమె భర్త ఎదురుగానే ఇద్దరూ ఏ సైగలు చేసుకోవాలో ముందుగా పాఠం చెబుతాడు. మన అలంకారశాస్త్రం నాయికకు ఎనిమిది అవస్థలు చెప్పింది. ఈ రోము కవులు అవస్థలన్నీ నాయకుడికే పెట్టారు. ఎదురుచూసేది అతనే, మోసపోయేది అతనే, అలిగేది అతనే, మళ్ళీ సిగ్గులేకుండా గుమ్మం దగ్గరికి వెళ్ళేదీ అతనే. వీరుల సామ్రాజ్యంలో మగవాడు తన్ను తాను ఇలా నవ్వులపాలు చేసుకోవడం చిన్న ధిక్కారం కాదు. అగస్టస్ చక్రవర్తి క్రీ.శ. 8లో ఓవిడ్‌ని నల్ల సముద్రం ఒడ్డున ఉన్న టోమిస్‌కి తరిమేశాడు. ఒక కావ్యం, ఒక పొరపాటు, ఈ రెండూ నన్ను ముంచాయని ఓవిడ్ చెప్పుకున్నాడు. పొరపాటు ఏమిటో చెప్పలేదు. కావ్యం మాత్రం వలపు విద్య నేర్పే 'ఆర్స్ అమటోరియా'. అతను తిరిగి రోము ముఖం చూడలేదు.

ఇప్పుడు ఇంగ్లండుకి వద్దాం. 1590ల్లో అక్కడ ప్రేమ కవిత్వమంటే సానెట్. ఇటలీ కవి పెట్రార్క్ దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఆమె నక్షత్రం, ఆమె చూపు అగ్ని, ఆమె మనసు మంచు. అతను దూరంగా నిలబడి నిట్టూరుస్తాడు. ఆమె ఎక్కడా నోరు విప్పదు, అన్నం తినదు, తలుపు మూయదు. మంచివి లేవని కాదు, కానీ పుస్తకాలకు పుస్తకాలు అవే నిట్టూర్పులైతే ఎవరికైనా ఊపిరాడదు. అలాంటి గదిలో ఓవిడ్ కిటికీ తెరిచాడు. ఆమెను ఆకాశం మీది నుంచి దించి, ఒక వీధిలో, ఒక ఇంట్లో, దాసీతో, భర్తతో, తలనొప్పితో సహా కూర్చోబెట్టాడు. ప్రేమ పద్యం అంటే మొక్కుకోవడమే కాదు, ఎదురుగా ఉన్న మనిషితో వాదించడం కూడా అని ఇంగ్లీషు కుర్రాళ్ళకు అక్కడే తెలిసింది.

వాళ్ళకు ఓవిడ్‌ని పరిచయం చేసింది ఎవరనుకున్నారు? బడి పంతుళ్ళే. ఆ కాలపు గ్రామర్ స్కూళ్ళలో చదువంటే లాటిన్ చదువే. రాణి ఎలిజబెత్‌కి గురువైన రోజర్ ఆస్కమ్ 1570లో అచ్చయిన తన పుస్తకంలో ఒక పద్ధతి చెప్పాడు. పిల్లవాడు లాటిన్ భాగాన్ని ఇంగ్లీషు చెయ్యాలి. కాసేపాగి, మూలం చూడకుండా, ఆ ఇంగ్లీషును మళ్ళీ లాటిన్ చెయ్యాలి. ఇలా ఏళ్ళ తరబడి చేసిన పిల్లలకు ఒక పాత కవిలా మాట్లాడడం, అతని వాక్యాన్ని తిప్పి తన అవసరానికి వాడుకోవడం చేతికి వచ్చేసేది. పంతుళ్ళు ఆశించింది సద్వర్తన, పిల్లలు దాచుకున్నది 'అమోరెస్'. షేక్‌స్పియర్ 1593లో తన మొదటి కావ్యం 'వీనస్ అండ్ అడోనిస్' అచ్చు వేయిస్తూ ముఖపత్రం మీద పెట్టుకున్న రెండు లాటిన్ పాదాలు ఆ 'అమోరెస్'లోవే.

మార్లో ఓవిడ్‌ని ఇంగ్లీషు చేసింది కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో అని అనుకుంటారు. మూడు భాగాల 'అమోరెస్' మొత్తాన్నీ ఇంగ్లీషులోకి తెచ్చిన మొదటివాడు అతనే. లాటిన్‌లో ఎన్ని పాదాలో ఇంగ్లీషులో అన్నే ఉండాలని పంతం పట్టాడు. లాటిన్ విభక్తుల భాష. నాలుగు మాటల్లో చెప్పేది ఇంగ్లీషులో ఎనిమిది మాటలైతే గాని తేలదు. దాంతో చాలాచోట్ల వాక్యం ఇరుకు చొక్కా తొడుక్కున్నట్టు బిగుసుకుపోయింది. కొన్నిచోట్ల అర్థం కూడా తప్పాడు. పండితులు ఆ తప్పులు ఏరి జాబితాలు రాశారు. రాసుకోనివ్వండి. పట్టుదలగా రెండేసి పాదాల ప్రాసలో అన్ని వందల జంటలు కట్టుకుపోయిన కుర్రాడి చేతికి, ఒక మాట ఎక్కడ విరవాలో, ఎక్కడ కొరడాలా ఝుళిపించాలో వచ్చేసింది. తర్వాత లండన్ నాటకశాలల్లో అతని పాత్రలు మాట్లాడే తీరులో ఆ సాధన వినిపిస్తుంది.

నన్నడిగితే మార్లో చేసిన గొప్ప ఓవిడ్ అనువాదం ఆ అనువాద గ్రంథంలో లేదు. 'డాక్టర్ ఫాస్టస్' నాటకం చివర ఉంది. కాస్త వివరంగా చెబుతాను.

'అమోరెస్' మొదటి భాగంలో పదమూడో పద్యం ఉషస్సును తిట్టే పద్యం. ప్రియురాలి పక్కన పడుకున్న కవి తెల్లవారబోతోందని చూసి ఉషాదేవి మీద విరుచుకుపడతాడు. నీవల్ల నావికుడికీ, రైతుకీ, బడిపిల్లలకీ, అందరికీ కష్టమే అంటాడు. నీ మొగుడు ముసలివాడు కాబట్టి మంచం దిగి పరిగెత్తుకొస్తున్నావు, అదే నువ్వు వలచినవాడు పక్కన ఉంటే, రాత్రి రథపు గుర్రాలను మెల్లగా నడవమని నువ్వే మొరపెట్టుకునేదానివి అని ఎద్దేవా చేస్తాడు. చివరికి తిట్లు విని ఆమె సిగ్గుతో ఎర్రబడిందట. అయినా తెల్లవారడం ఒక్క క్షణం కూడా ఆలస్యం కాలేదట. అంతా పడకగది పరిహాసం.

ఫాస్టస్ సంగతి వేరు. ఇరవై నాలుగేళ్ళ సుఖం కోసం ఆత్మను సైతానుకి రాసిచ్చినవాడు. గడువు ముగిసింది. గడియారం పదకొండు కొట్టింది. పన్నెండు కొట్టగానే వచ్చి తీసుకుపోతారు. ఆ ఒంటరి గంటలో అతని నోటికి వచ్చిన మొర ఏమిటి? ఓవిడ్ పద్యంలో రాత్రి గుర్రాలను మెల్లగా నడవమనే ఆ లాటిన్ పాదమే. మార్లో దాన్ని ఇంగ్లీషు చెయ్యలేదు. లాటిన్‌లోనే ఉంచి, మొదటి మాటను రెండుసార్లు పలికించాడు, అంతే. కౌగిలి విడవలేని మగవాడి కొంటె మాట నరకం వాకిట నిలబడ్డ పండితుడి ఆర్తనాదమైపోయింది. ఆ పద్యం బడిలో వల్లె వేసి, చాటుగా నవ్వుకున్న ప్రేక్షకుడికి ఆ క్షణంలో వెన్ను జలదరించి ఉంటుంది. ఒక్క మాటైనా ఇంగ్లీషులోకి మారకుండా ఒక పాదం ఇంగ్లీషు సొత్తు అయిపోవడం అంటే ఇదే.

అదే ఉషస్సు పద్యాన్ని జాన్ డన్ ఇంకో దారిలో లాక్కున్నాడు. డన్ 1592లో లండన్‌లో లింకన్స్ ఇన్ అనే న్యాయవిద్యాలయంలో చేరాడు. డబ్బూ, తీరికా, పొగరూ ఉన్న కుర్రాళ్ళ మజిలీ అది. అక్కడ చేతి నుంచి చేతికి రాతప్రతులు తిరిగేవి. డన్ ఓవిడ్‌ని అనువదించలేదు. ఓవిడ్ పద్ధతిలో 'ఎలిజీలు' అని సొంతంగా రాశాడు. ఓవిడ్‌లో మధ్యాహ్నం పూట కొరిన్నా వచ్చిన వైనం జరిగిపోయిన కథగా ఉంటుంది. డన్ దాన్ని వర్తమానంలోకి లాగాడు. ఎదురుగా నిలబడ్డ స్త్రీతో మాట్లాడుతూ ఉంటాడు, ఒక్కొక్క వస్త్రమూ తొలగుతూ ఉంటుంది, అతని చేతికి ఆమె దేహం కొత్తగా కనుగొన్న అమెరికా అవుతుంది. 1633లో, డన్ చనిపోయిన రెండేళ్ళకు, అతని కవితలు అచ్చుకు వెళితే అనుమతి ఇచ్చే అధికారి ఐదు ఎలిజీలు పక్కన పెట్టేశాడు. ఈ వస్త్రాల పద్యం 1669 దాకా అతని కవితా సంపుటాల్లోకి ఎక్కలేదు. మరి రాసినవాడు అప్పటికి సెయింట్ పాల్ కెథీడ్రల్‌కి డీన్‌గా పనిచేసి, గొప్ప ధర్మోపన్యాసకుడని పేరుపడి పోయాడు కదా!

ఉషస్సు పద్యం డన్ చేతిలో సూర్యుడి మీద తగువు అయింది. ఓవిడ్ దేవతను తిట్టాడు, తెల్లవారింది, ఓడిపోయాడు. డన్ ఓటమి ఒప్పుకోడు. వాదించి వాదించి, లోకమంతా మా మంచం మీదే ఉంది, ముసలి సూర్యుడా, ఇక్కడ వెలుగు ఇస్తే నీ ఉద్యోగం అయిపోయినట్టే అని సూర్యుడికే పని అప్పజెబుతాడు. ఓవిడ్ నేర్పిన వాదన ఇది. కానీ ఓవిడ్‌లో లేని గర్వం ఉంది, అంతకన్నా ఓవిడ్‌లో లేని ప్రేమ ఉంది. శిష్యుడు గురువును మించాడని నేను ధైర్యంగా చెప్పగల చోటు ఇది.

ఇక కటుల్లస్. అతని పద్యాలు నూట పదహారు దాకా మిగిలాయి. మిగలడమే అదృష్టం. మధ్యయుగాల్లో దాదాపు కనిపించకుండా పోయి, 1300 ప్రాంతాల్లో అతని సొంత ఊరు వెరోనాలోనే ఒక్క రాతప్రతిగా బయటపడ్డాయి. వాటిలో ఐదోది ముద్దుల పద్యం. బతుకుదాం, ప్రేమించుకుందాం, ముసలాళ్ళ గొణుగుడుకి దమ్మిడీ విలువ ఇవ్వొద్దు అని మొదలవుతుంది. సూర్యుడికి అస్తమించినా రేపు ఉంది, మన దీపం ఒకసారి ఆరితే ఒకే ఒక్క రాత్రి నిద్ర అన్నది నడుమ భాగం. ఆ తర్వాత వేలూ వందలూ ముద్దులు, వ్యాపారి పద్దు రాసినట్టు. చివరికి లెక్క కలిపేద్దాం అంటాడు. ఎన్నో తెలిస్తే ఎవరైనా దిష్టి పెడతారని! పదమూడు పాదాల్లో పొగరు, మృత్యుభయం, లెక్కలు, దిష్టి.

ఒక పదిహేనేళ్ళ వ్యవధిలో ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు ఈ ఒక్క పద్యం మీద పడ్డారు. ఎవడికి కావలసిన ముక్క వాడు కోసుకుపోయాడు. టామస్ క్యాంపియన్ కవీ, సంగీతకారుడూ, తర్వాత వైద్యుడు కూడా. 1601లో లూట్ అనే తంత్రీవాద్యం మీద పాడుకునేందుకు పాటగా కట్టాడు. మొదటి చరణం కటుల్లస్. రెండో చరణానికి ప్రొపర్షియస్ దగ్గరికి వెళ్ళి, అందరూ నాలాగే ప్రేమలో బతికితే యుద్ధాలే ఉండవన్న మాట తెచ్చాడు. మూడో చరణంలో తన చావు, తన సమాధి దగ్గర ప్రేమికుల ఆటపాటలు. ముద్దులు ఒక్కటీ లేవు! చివర ఆ అంతులేని రాత్రిని మాత్రం ప్రతి చరణానికీ పల్లవిలా తగిలించాడు. పాట పాడేవాడికి ఏది అవసరమో అతనికి తెలుసు. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు కవిత్వం ప్రాస మానుకుని ప్రాచీనుల ఛందస్సు పట్టాలని మరుసటి ఏడాదే పుస్తకం రాసింది ఈ క్యాంపియనే. అదృష్టవశాత్తూ అతని పాటలు అతని సిద్ధాంతాన్ని పట్టించుకోలేదు.

బెన్ జాన్సన్ ఆ పద్యాన్ని 'వోల్పోనీ' నాటకంలో ఒక దుర్మార్గుడి నోట పెట్టాడు. వోల్పోనీ చావుబతుకుల్లో ఉన్నట్టు నటించే ధనికుడు. ఆస్తి మీద ఆశతో ఒక వర్తకుడు తన భార్య సీలియానే తెచ్చి అతని మంచం దగ్గర వదిలిపెడతాడు. భర్త అటు వెళ్ళగానే రోగి చెంగున లేచి పాట అందుకుంటాడు. అదే కటుల్లస్ పాట. పాట ఎంత అందంగా ఉందో, సందర్భం అంత రోత. చివర జాన్సన్ కలిపిన ముక్తాయింపు, ప్రేమ ఫలం దొంగిలించడం తప్పు కాదు, దొరికిపోవడమే తప్పు అన్న ధోరణిలో ఉంటుంది. సీలియా లొంగదు. జాన్సన్ పద్యాన్ని అనుకరిస్తూనే, జీవితం క్షణికం కాబట్టి ఒప్పుకో అనే వాదన ఎవరి చేతిలో ఏమవుతుందో చూపించాడు. విమర్శకుడు పది పుటల్లో చెప్పేది నాటకకర్త ఒక పాత్ర చేత పాడించి చెప్పాడు.

మూడో ఆయన సర్ వాల్టర్ రాలీ. రాజద్రోహ నేరం మీద లండన్ టవర్‌లో ఖైదీగా ఉండి 'ప్రపంచ చరిత్ర' రాశాడు. 1614లో అచ్చయిన ఆ మహాగ్రంథం మధ్యలో మనిషి ఆయుష్షు గురించి చెబుతూ, సూర్యుడు మళ్ళీ వస్తాడు, మనం రాము అన్న ఆ నడుమ భాగం మాత్రం పద్యంగా ఇంగ్లీషు చేశాడు. లెస్బియా లేదు, ముద్దులు లేవు, ముసలాళ్ళు లేరు. నాలుగేళ్ళకు, 1618లో, రాలీ తల నరికారు. ముగ్గురి చేతుల్లోనూ ఒకే పద్యం పాట అయింది, వల అయింది, మరణ శాసనం అయింది. ముగ్గురిలో మూలానికి నిజాయితీగా ఉన్నది ఎవరంటే చెప్పడం కష్టం. నాకు మాత్రం రాలీ ముక్క చదివినప్పుడల్లా కటుల్లస్ మరీ దగ్గరగా వచ్చి కూర్చున్నట్టుంటుంది.

ఈ తేడాలకు పేర్లు పెట్టినవాడు జాన్ డ్రైడెన్. 1680లో ఓవిడ్ 'హెరాయిడ్స్'ను పలువురు కవులు కలిసి ఇంగ్లీషు చేశారు. పురాణ స్త్రీలు తమను వదిలిపోయిన మగవాళ్ళకు రాసే ఉత్తరాలు అవి. ఆ పుస్తకానికి పీఠిక రాస్తూ డ్రైడెన్ అనువాదాన్ని మూడు రకాలు చేశాడు. మాటకు మాట పెట్టేది ఒకటి. కవిని కళ్ళముందు ఉంచుకుని భావాన్ని విస్తరించేది రెండోది. మూలాన్ని ఆసరా చేసుకుని తన పద్యం తాను రాసుకునేది మూడోది. మధ్యదారే మేలని ఆయన తీర్పు. అదే పుస్తకంలో అఫ్రా బెన్ అనే రచయిత్రి ఒక ఉత్తరం రాసింది. పారిస్ అనేవాడు వదిలేసి పోయిన ఈనోనీ ఆవేదన. బెన్‌కి లాటిన్ రాదు. ఆ సంగతి డ్రైడెనే పీఠికలో చెప్పి, రాకుండానే ఇలా రాస్తే, వచ్చిన మేము సిగ్గుపడాలేమో అన్నాడు. ఆ మాట సరసానికి అన్నా నిజం. అంతవరకూ మగవాళ్ళు మగవాళ్ళ లాటిన్‌ని ఇంగ్లీషు చేస్తూ వచ్చారు. నాటకాలు రాసి పొట్టపోసుకున్న ఒక స్త్రీ చేతికి విడిచిపెట్టబడ్డ స్త్రీ ఉత్తరం వచ్చేసరికి అందులో ఒక కొత్త కోపం చేరింది.

నిజానికి రోములోనే ఒక స్త్రీ రాసిన ప్రేమ పద్యాలు ఉన్నాయి. సుల్పిషియా అనే ఆమెవి, నలభై పాదాలు మాత్రమే. పుట్టినరోజు పూట ప్రియుణ్ణి వదిలి పల్లెటూరికి పొమ్మంటున్నారని విసుక్కుంటుంది. అవి టిబుల్లస్ పుస్తకంలో కలిసి ఉండటంతో చాలాకాలం ఆయన ఖాతాలోనే పడ్డాయి. అనుకరించేవాళ్ళకు ఆమె కనపడనే లేదు.

పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల గురించి త్వరగా చెబుతాను, ఎందుకంటే కవిత్వం తక్కువ, కత్తిరింపులు ఎక్కువ. కటుల్లస్ మొత్తాన్నీ మొదటిసారి ఇంగ్లీషులో అచ్చు వేసింది 1795లో జాన్ నాట్ అనే వైద్యుడు. బైరన్ కుర్రతనంలో కటుల్లస్‌ని కొంత అనువదించాడు గాని, అతని దెబ్బ 'డాన్ జువాన్' కావ్యంలో పడింది. కథానాయకుడికి తల్లి శుద్ధి చేసిన ప్రాచీన గ్రంథాలే చదివిస్తుంది. ఆ శుద్ధి చేసినవాళ్ళు బూతులన్నీ పుస్తకంలోంచి తీసి, పారెయ్యడానికి మనసొప్పక, చివర ఒకేచోట అనుబంధంగా వేశారట. పిల్లవాడికి వెతుక్కునే శ్రమ తప్పింది! రిచర్డ్ బర్టన్, మన 'కామసూత్రాల'ను 1883లో ఇంగ్లీషులో అచ్చు వేయించినవారిలో ఒకడు, చివరి రోజుల్లో కటుల్లస్‌ని పద్యాల్లోకి తెచ్చాడు. అతను పోయాక భార్య ఇసాబెల్ రాతప్రతికి నకలు తీయించి ఇస్తే, అందులో అభ్యంతరమైన మాటల స్థానంలో నక్షత్రాల గుర్తులు బారులు తీరాయి. 1894లో పుస్తకం అలాగే వచ్చింది. 1961లో కూడా ఫార్డైస్ అనే పండితుడు కటుల్లస్‌కి వ్యాఖ్య రాస్తూ 32 పద్యాలు వదిలేశాడు. ఇంగ్లీషులో వాటికి వ్యాఖ్య కుదరదట.

ఈ కత్తెర మన దాకా కూడా వచ్చింది. 1835లో కలకత్తాలో ఉన్న మెకాలే, మన చదువులను చులకన చేస్తూ నివేదిక రాసిన ఏడాదే, తాను చదివిన పుస్తకాల పట్టిక ఒక స్నేహితుడికి రాశాడు. అందులో కటుల్లస్, టిబుల్లస్, ప్రొపర్షియస్ ముగ్గురూ ఉన్నారు. ఏలేవాళ్ళు తమ పడకగది కవిత్వాన్ని లాటిన్‌లో చదువుకుంటూ ఉండగా, అదే ప్రభుత్వం 1911లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను అశ్లీలమని నిషేధించింది. బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయించి అప్పటికి ఏడాదే అయింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. శృంగారం తెలియని భాషలో ఉంటే క్లాసిక్కు, తెలిసిన భాషలో ఉంటే నేరం.

ఇరవయ్యో శతాబ్దంలో ఎజ్రా పౌండ్ వచ్చి గొడవ మళ్ళీ మొదలుపెట్టాడు. అమెరికావాడు, లండన్‌లో ఉంటున్నాడు, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ప్రొపర్షియస్ పద్యాల ముక్కలు తీసి, అతికి, తిప్పి, పన్నెండు ఖండాల కావ్యం చేశాడు. కొన్ని ఖండాలు 1919లో 'పొయెట్రీ' పత్రికలో వచ్చాయి. చికాగో విశ్వవిద్యాలయ లాటిన్ ఆచార్యుడు హేల్ అదే పత్రికలో తప్పులు ఏరి దులిపేశాడు. తప్పులు ఉన్న మాట నిజమే. పాడతావు అని అర్థం రావలసిన లాటిన్ మాటను ఇంకోలా చదివి పౌండ్ కుక్కల్ని తెచ్చాడు. రోము కవి ఇంట్లో ఫ్రిజ్ లేదని కూడా రాశాడు! నేను అనువాదం చెయ్యలేదు మొర్రో అని పౌండ్ మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? హేల్ గమనించని సంగతి ఒకటుంది. సామ్రాజ్యం గెలిచిన యుద్ధాల మీద కావ్యం రాయను, నా సింథియా మీదే రాస్తాను అని ప్రొపర్షియస్ అన్నది అగస్టస్ కాలంలో. లక్షలమంది కందకాల్లో చస్తుంటే, పత్రికల్లో దేశభక్తి గీతాలు పొంగుతుంటే, ఆ నిరాకరణను లండన్‌లో మళ్ళీ పలకగలిగినవాడు పౌండ్ ఒక్కడే. వ్యాకరణం తప్పాడు, వెటకారం తప్పలేదు. ప్రొపర్షియస్‌లో అంత కొంటెతనం ఉందని లాటిన్ పండితులు ఆ తర్వాతే ఎక్కువగా చూడసాగారు.

లూయీ జుకోఫ్‌స్కీ, సీలియా జుకోఫ్‌స్కీ దంపతుల ప్రయోగం ఇంకో కొస. 1969లో వాళ్ళ కటుల్లస్ వచ్చింది. లాటిన్ శబ్దం ఎలా వినిపిస్తే అలా వినిపించే ఇంగ్లీషు మాటలు వెతికి పెట్టారు, అర్థం వీలున్నంత. వాళ్ళ శ్రమకు దండం పెడతాను, రెండో పుట చదవమంటే మాత్రం చదవలేను.

కాబట్టి నా అభిప్రాయం దాచుకోను. లాటిన్ ప్రేమకవిత్వం ఇంగ్లీషులో బతికింది దాన్ని జాగ్రత్తగా మోసుకొచ్చినవాళ్ళ వల్ల కాదు. దొంగిలించి, సొంత తగువుకు వాడుకున్నవాళ్ళ వల్ల. అయితే ఆ దొంగల్లో చాలామంది చిన్నప్పుడు బడిలో మాటకు మాట అనువాదం చేసి చెయ్యి అరగదీసుకున్నవాళ్ళే. ఆ కూలి పని లేకుండా ఈ దొంగతనం సాధ్యమయ్యేది కాదు. డ్రైడెన్ చెప్పిన మూడు రకాల్లో నేను మొదటిదానికీ మూడోదానికీ ఓటు వేస్తాను. ఆయన మెచ్చిన మధ్యదారిలో నడిచినవాళ్ళ పుస్తకాలే అలమరాల్లో ఎక్కువగా దుమ్ము పట్టి ఉన్నాయి.

మీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. జాన్ డన్ మీ పాఠాల్లో వచ్చే ఉంటాడు. సూర్యుడితో తగువు పద్యం ఒకసారి మళ్ళీ తియ్యండి. దాని పక్కన 'అమోరెస్' మొదటి భాగం పదమూడో పద్యం పెట్టుకోండి. మార్లో ఇంగ్లీషులో దొరికితే సరే, భాష పాతబడిందనిపిస్తే గై లీ 1968లో చేసిన అనువాదం హాయిగా ఉంటుంది. రెండూ పైకి చదవండి, మనసులో కాదు. ఆ తర్వాత ఫాస్టస్ చివరి ప్రసంగం చదవండి. మూడూ కలిపి అరగంట పట్టదు.